జెనెటిక్స్ చదువుతానంటున్న అమ్మాయి ముందు లెక్కలు నేర్చుకోవాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా పాప ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. అమెరికాలో ఒక పసిబిడ్డకు జన్యువును సరిచేసి ప్రాణం నిలబెట్టారన్న వార్త చూసినప్పటి నుంచి జెనెటిక్స్‌లో రీసెర్చ్ చేస్తానంటోంది. మావాళ్లేమో ఎంబీబీఎస్ తప్ప మిగతావన్నీ దండగ, నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్‌కి పంపండి అంటున్నారు. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు బీటెక్ జెనెటిక్ ఇంజనీరింగ్‌లో సీటిస్తాం, ఏడాదికి మూడు లక్షలు, ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ వార్త సంగతి కాస్త వివరంగా చెప్తాను. మీరడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

ఆ బాబుకు పుట్టుకతోనే సీపీఎస్1 అనే ఎంజైమ్ లోపం. ఒంట్లో ప్రోటీన్ అరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మామూలుగా కాలేయం దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపేస్తుంది. ఈ బాబులో ఆ పని జరగదు. అమ్మోనియా రక్తంలో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి, పెన్సిల్వేనియా యూనివర్సిటీ కలిసి ఆ ఒక్క బిడ్డ జన్యువులో ఉన్న తప్పుకే సరిపోయే మందును ఆరు నెలల్లో తయారు చేయించాయి. 2025 ఫిబ్రవరిలో మొదటి డోసు ఇచ్చి, మే నెలలో ఫలితాలు ప్రకటించారు. బాబు మునుపటికన్నా ఎక్కువ ప్రోటీన్ తట్టుకోగలుగుతున్నాడు, వేసుకునే మందుల మోతాదు తగ్గింది. పూర్తిగా నయమైందని మాత్రం డాక్టర్లు అనలేదు, ఏళ్ల తరబడి గమనించాలన్నారు.

ఈ పనిని ముందుండి నడిపించినవాళ్లు ఇద్దరు. రెబెకా ఆరెన్స్-నిక్లాస్ పిల్లల్లో వచ్చే జన్యు వ్యాధుల డాక్టర్. కిరణ్ ముసునూరు గుండె జబ్బుల డాక్టర్, పీహెచ్‌డీ కూడా చేశారు. డాక్టరైతే రీసెర్చ్ చేయలేరని, రీసెర్చ్ అంటే డాక్టర్ కాలేనివాళ్ల దారి అని ఎవరైనా అంటే ఈ ఇద్దరి సంగతీ చెప్పండి. వీళ్ల వెనక డాక్టర్లు కానివాళ్లు చాలామంది పనిచేశారు. మందును కాలేయం దాకా చేర్చే సన్నటి కొవ్వు రేణువులను తయారుచేసినవాళ్లున్నారు. జన్యువులో ఒక అక్షరం మార్చబోయి, మనిషి డీఎన్‌ఏలోని 300 కోట్ల అక్షరాల్లో ఇంకెక్కడైనా ఏదైనా చెడిపోతుందా అని కంప్యూటర్ మీద, ల్యాబ్‌లో వెతికినవాళ్లున్నారు. ఆ వెతుకులాట జరగకుండా ఆ మందును పసిబిడ్డకు ఎక్కించే ధైర్యం ఎవరూ చేయరు.

అందుకే బైపీసీ పిల్లలందరికీ చెప్పే మాటే మీ పాపకూ గట్టిగా చెప్తున్నాను. ఇప్పుడు ఈ రంగంలో తలుపులు తెరిచేది లెక్కలు, ముఖ్యంగా స్టాటిస్టిక్స్. మన పిల్లలు పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం మూసేసి బైపీసీలో చేరతారు. ఎమ్మెస్సీ దాకా ఆ లోటు బయటపడదు. అక్కడ డేటా చేతికిచ్చి ఇందులో ఏముందో చెప్పమన్నప్పుడు తడబడతారు.

మన దేశంలో బయటపడ్డ సంగతులే చూడండి. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం దక్షిణాసియా వాళ్లలో సుమారు నూటికి నలుగురిలో ఉంటుందని, వాళ్లకు వయసు మీదపడ్డాక గుండె బలహీనపడే ముప్పు చాలా ఎక్కువని 2009లో తేలింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలకు అందులో పెద్ద పాత్ర ఉంది. వందలమంది రోగుల డీఎన్‌ఏను ఆరోగ్యవంతుల డీఎన్‌ఏతో పోల్చి, తేడా కాకతాళీయం కాదని లెక్కగట్టి నిరూపించారు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమం సిద్ధమైంది. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. దాన్ని చదివి అర్థం చెప్పగలిగే మనుషులు ఇప్పుడు కావాలి.

అంతెందుకు, మీ జిల్లాలోనే ఉద్దానం ఉంది. షుగర్ లేనివాళ్లకు, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో కష్టపడే మనుషులకు కిడ్నీలు పాడవుతుంటే ఎందుకో ఇప్పటికీ ఒక్క కారణాన్ని ఖాయం చేయలేకపోయారు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, జన్యువులు, అన్నిటి మీదా అనుమానం ఉంది. ఏది ఎంత కారణమో విడదీసి చెప్పాలంటే ఊరూరా తిరిగి, రక్తం, మూత్రం శాంపిల్స్ తీసి, ఏళ్ల తరబడి అవే కుటుంబాలను గమనించి లెక్క తేల్చాలి. దాన్ని ఎపిడెమియాలజీ అంటారు. మీ పాప దీని పేరైనా విన్నదో లేదో అడగండి. అక్కడి కవిటి, సోంపేట మనుషుల మాట, తిండి, పని తెలిసిన పిల్ల ఆ పనికి వెళ్తే బయటినుంచి వచ్చినవాళ్లకు చెప్పని విషయాలు ఆమెకు చెప్తారు. ఇందుకు ఎంపీహెచ్ అని ప్రజారోగ్యంలో పీజీ కోర్సు ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, చెన్నైలో ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) సంస్థలోనూ చదవొచ్చు. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, నోటిఫికేషన్ చూసుకోండి.

జెనెటిక్ కౌన్సెలింగ్ అని ఇంకో పని ఉంది, వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి చెప్పడం. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లకు దాని అవసరం చాలా ఉంది. దాని గురించి మనవాళ్లు మాట్లాడుకునేది చాలా తక్కువ. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు నిర్మూలనకు కేంద్రం 2023లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. ఆ ఫలితం చేతికొచ్చిన గిరిజన కుటుంబానికి పక్కన కూర్చుని, భయపెట్టకుండా అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే మీ పాపకు ఇదీ మంచి దారే.

ఇక ఇప్పుడు ఏం చేయాలంటే, నీట్ రాయనివ్వండి. దాంతోపాటు సైన్స్ చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన ఐశర్‌ల ప్రవేశ పరీక్ష ఐఏటీకీ అప్లై చేయించండి. తిరుపతి ఐశర్ మన రాష్ట్రంలోనే ఉంది, డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. బైపీసీ పిల్లలూ రాయొచ్చు. కానీ 60 ప్రశ్నల్లో 15 లెక్కలవే. ఇప్పటినుంచి రోజుకో గంట ఎంపీసీ ఫస్టియర్ పుస్తకం పట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. అలాంటిదే భువనేశ్వర్‌లోని నైసర్, దానికి నెస్ట్ పరీక్ష ఉంది, మీ ఊరికి అదీ దగ్గరే. ఏదీ రాకపోయినా కంగారు పడొద్దు. మంచి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, జువాలజీ లాంటి సబ్జెక్టుతో బీఎస్సీలో చేర్చండి. కుదిరితే మైనర్‌గా స్టాటిస్టిక్సో డేటా సైన్సో ఇప్పించండి, కుదరకపోతే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల్లో ఉచితంగా నేర్చుకోవచ్చు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి గాట్-బి, మిగతా సైన్సులకు జామ్ లాంటి పరీక్షలున్నాయి. ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగమే ఉంది.

లాంగ్‌టర్మ్ మాట కొస్తే, తనకు తానుగా డాక్టర్ కావాలని ఉండి, కొద్ది మార్కుల్లో సీటు తప్పితే ఒక్క ఏడాది సరే. ఆ దారిలోనూ జెనెటిక్స్ ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో డీఎం మెడికల్ జెనెటిక్స్ అనే సూపర్ స్పెషాలిటీ చేయొచ్చు. బంధువుల నోరు మూయించడానికి మాత్రం ఆ ఏడాదిని బలిపెట్టకండి. హాస్టల్‌లో ఇష్టంలేని చదువుతో పిల్లలు పడే టెన్షన్ నేను దగ్గరగా చూస్తున్నాను.

డబ్బు సంగతీ దాచకుండా చెప్పాలి. రీసెర్చ్ దారిలో పీహెచ్‌డీ అయ్యేసరికి మీ పాపకు 27, 28 ఏళ్లొస్తాయి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ల తర్వాత 42,000. అంటే పీహెచ్‌డీకి మీరు అప్పు చేయక్కర్లేదు. కానీ ఆ తర్వాత పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది. కొందరు విదేశాలకు వెళ్తారు, కొందరు డయాగ్నొస్టిక్ ల్యాబుల్లో, వ్యాక్సిన్ కంపెనీల్లో చేరతారు. ఆ వయసు దాకా పెళ్లి చేసేయాలన్న ఒత్తిడి లేకుండా మీరు అండగా నిలబడగలరా అన్నది ఇంట్లో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.

ఆ బీటెక్ సీటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ కట్టొద్దు. నాలుగేళ్లకు పన్నెండు లక్షలు, హాస్టల్ అదనం. కోర్సు పేరులో జెనెటిక్ అన్న మాట ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. మళ్లీ ఫోన్ చేస్తే, గత మూడు బ్యాచ్‌లలో ఎంతమంది ఏ కంపెనీలో, ఏ పనిలో చేరారో రాసిచ్చి పంపమనండి. పంపితే ఆ కాగితం తీసుకుని నాకు మళ్లీ రాయండి, చూసి చెప్తాను.