విడిపోతున్నాం... మరి ఫ్లాట్ సంగతేంటి?

ప్రశ్న: మాకు పెళ్లయి ఎనిమిదేళ్లు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. గొడవల్లేకుండా పరస్పర అంగీకారంతో విడిపోదామనుకున్నాం. 2019లో మియాపూర్‌లో 78 లక్షలకు కొన్న ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉంది. బయటికి వెళితే హక్కు పోతుందేమోనని ఎవరమూ కదలడం లేదు. ఏడాదిగా నేనో గదిలో, తనో గదిలో. ఫ్రిజ్‌లో పై అరలు నావి, కింది అరలు తనవి. హాల్లో ఏసీ నేను 26లో పెడితే, తను వచ్చి 20 చేస్తాడు. ‘రొమాంటిక్ కామెడీలా ఉందక్కా’ అని మా చెల్లి నవ్వుతోంది. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫ్లాట్ ఇప్పుడు 1.15 కోట్లు పలుకుతోంది. లోన్ ఇంకా 51 లక్షలుంది, ఈఎంఐ 52 వేలు. మొదట్లో వాళ్ల నాన్నగారు ఇచ్చిన డబ్బు ముందు పక్కన పెట్టాకే వాటాలు అని తన పట్టు. నాకు ఇల్లు ఉంచుకోవాలని ఉంది. జీతం చేతికి 1.20 లక్షలు వస్తుంది, పొదుపేమీ లేదు. ఏం చేయమంటారు? – పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: మీ చెల్లెలిని తప్పుపట్టలేం. కాకపోతే సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది, మీ లోన్‌కి ఇంకా 14 ఏళ్లుంది.

ముందు ఆ భయం తీసేయండి. సేల్ డీడ్‌లో పేరున్నాక, గుమ్మం దాటినంత మాత్రాన ఎవరి వాటా ఎక్కడికీ పోదు. పరస్పర అంగీకారంతో విడాకులకు కనీసం ఏడాది విడిగా ఉండాలి కదా, ఒకే ఇంట్లో ఉంటే చెల్లదేమో అని కూడా కొందరు కంగారు పడతారు. భార్యాభర్తలుగా కలిసి బతక్కపోతే, ఒకే కప్పు కింద ఉన్నా విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మీ కేసుకు అది ఎలా వర్తిస్తుందో లాయర్‌ని అడగండి. నేను డబ్బు సంగతే చెబుతాను.

మీరు పంపిన స్టేట్‌మెంట్లన్నీ చూశాను. డౌన్‌పేమెంట్, రిజిస్ట్రేషన్ కలిపి అయిన 23 లక్షల్లో 14 లక్షలు మీవారి వైపు నుంచి, 9 లక్షలు మీ వైపు నుంచి వచ్చాయి. ఆ తర్వాత ఆరేళ్లు, అంటే 72 నెలలు, ఈఎంఐలో మీరు నెలకు 30 వేలు, ఆయన 22 వేలు వేశారు. మీ ఈఎంఐల మొత్తం 21.60 లక్షలు, ఆయనవి 15.84 లక్షలు. రెండూ కలిపి చూస్తే మీరు పెట్టింది 30.60 లక్షలు, ఆయన పెట్టింది 29.84 లక్షలు. ఏడాదిగా మీరు మాటలు మానేసింది 76 వేల తేడా కోసం! ముందు పెట్టిన డబ్బుకు వడ్డీ కూడా లెక్కేయాలని ఆయన అనొచ్చు, అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయినా ఈ కాగితం ఆయన ముందు పెట్టి చెరిసగం అనండి. వాళ్ల నాన్నగారి డబ్బు గొడవ అక్కడితో చల్లబడుతుందని నా నమ్మకం.

ఇక ఇల్లు ఉంచుకోవడం. 1.15 కోట్లలో లోన్ పోను 64 లక్షలు మిగులుతుంది. ఆయన సగం 32 లక్షలు మీరివ్వాలి. చేతిలో పొదుపు లేదన్నారు కాబట్టి మొత్తం 83 లక్షల లోన్ మీ ఒక్కరి మీదే పడుతుంది. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకున్నా ఈఎంఐ 72 వేలు. చేతికొచ్చే జీతంలో 60 శాతం అదే మింగేస్తుంది. సాధారణంగా బ్యాంకులు సగం దగ్గరే ఆగుతాయి. ఒకవేళ ఇచ్చినా, మెయింటెనెన్స్, ప్రాపర్టీ ట్యాక్స్ కట్టాక ఒంటరి జీవితానికి మిగిలేదెంత? ఆ ఇంటి మీద మీకున్న మమకారం అర్థమవుతుంది. అయినా అమ్మేయమనే చెబుతాను.

అమ్మితే వచ్చిన డబ్బుతో ముందు లోన్ క్లియర్ చేయండి. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోంలోన్‌ను ముందే తీర్చేస్తే వ్యక్తులకు పెనాల్టీ ఉండదు. లాభం మీద పన్ను ఇద్దరికీ విడివిడిగా పడుతుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కల్లో ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. మీ అంకెలకు రెండోదే లాభం. బ్రోకర్ కమీషన్, పన్ను పోను చెరో 30 లక్షల పైచిలుకు రావచ్చు.

మీవారు ఇల్లు తనే ఉంచుకుంటానంటే మాత్రం ఒక జాగ్రత్త. రిలీజ్ డీడ్ (మీ వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టేస్తే ఇల్లు ఆయనదవుతుంది, లోన్ మాత్రం మీ నెత్తిన అలాగే ఉంటుంది. బ్యాంకుకు మీ విడాకులతో పని లేదు. ఆయన ఈఎంఐ ఎగ్గొడితే మొత్తం బాకీ మిమ్మల్నే అడుగుతుంది, అప్పులు ఎలా తీరుస్తున్నారో చెప్పే మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది. అందుకే ఆయన తన ఒక్కరి పేరు మీద కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చాక, మీ 32 లక్షలు మీ ఖాతాలో పడ్డాకే సంతకం. ‘రాసిచ్చెయ్, తర్వాత చూసుకుందాం’ అని ఎంతటి పెద్దమనిషి చెప్పినా వినకండి.

ఇల్లు అమ్ముడుపోవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఈఎంఐ పాత పద్ధతిలోనే 30, 22 వేలు కట్టుకుంటూ రండి. ఈలోగా ఒకరు బయటికి వెళ్లి అద్దెకుంటే, ఫ్లాట్‌లో ఉండిపోయిన వాళ్లు ఆ చుట్టుపక్కల అద్దెలో సగం వెళ్లినవాళ్లకు ఇవ్వాలని ముందే కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు అక్కడ అద్దె 30 వేలైతే నెలకు 15 వేలన్నమాట. ఈ మాట మీవారితో మీరే ముందు అనండి.