సంస్కరణల తర్వాత పెట్టుబడి సమర్థమైన కర్మాగారాలకే చేరిందా?

సంస్కరణలు రాగానే పెట్టుబడీ శ్రమా వాటంతటవే సమర్థమైన కర్మాగారాలకు తరలిపోయి ఉత్పాదకత పెరుగుతుందా అన్న ప్రశ్నకు, బ్యాంకులో పరిశ్రమల రుణ విభాగంలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. మన దేశం మటుకు చూస్తే, కొంతమేరకే తరలాయి. పరిశ్రమ పెట్టడం ముందుగా సులభమైంది, మూసివేయడం సులభం కావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

1991 జులై పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలు మినహా మిగిలినవాటికి లైసెన్సును రద్దు చేసింది. సుంకాలు తగ్గి మెరుగైన ముడిసరుకు, విడిభాగాలు, యంత్రాలు అందుబాటులోకి రావడంతో అప్పటికే నడుస్తున్న సంస్థలు లోలోపల బాగుపడ్డాయి. రుణ దరఖాస్తుల్లో ఆ మార్పు నాకు స్పష్టంగా కనిపించేది.

కానీ చిన్న పరిశ్రమలే తయారు చేయాలని ప్రత్యేకించిన వస్తువుల జాబితా చాలాకాలం నిలిచిపోయింది. ఒక దశలో 800 దాటిన ఆ జాబితాలోని చివరి 20 వస్తువులను 2015లో గానీ తొలగించలేదు. చిన్న పరిశ్రమగా లెక్కించేందుకు యంత్రాలపై ఉండాల్సిన పెట్టుబడి పరిమితిని 1997లో 3 కోట్ల రూపాయలకు పెంచి, 1999లో మళ్లీ కోటికి తగ్గించారు. మా ఖాతాదారుల్లో ఒక కుటుంబం ఆ పరిమితి దాటకుండా ఉండేందుకు ఒకే సరుకును వేర్వేరు పేర్లతో రిజిస్టరైన యూనిట్లలో తయారు చేసేది. ఆర్డర్లు ఉన్నా, రుణమిచ్చేందుకు మేము సిద్ధంగా ఉన్నా, పెద్ద యంత్రం జోలికి వెళ్లేది కాదు. వారిని తప్పుపట్టలేను, ఎదగకుండా ఉండటమే లాభమయ్యేలా నిబంధన ఉంది.

ఇంతకన్నా బాధ కలిగించినవి ఖాయిలా పడిన యూనిట్లు. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, అలాంటి సంస్థల భవితవ్యం తేల్చే బోర్డు విచారణ సాగుతున్నంతకాలం దాని అనుమతి లేనిదే బకాయిల వసూలుకు దావా నడిచేది కాదు. స్థలమూ యంత్రాలూ మా సొమ్మూ అక్కడే చిక్కుకుపోతే, పక్కనే రాణిస్తున్న సంస్థకు ఇవ్వాల్సిన రుణం ఆ మేరకు తగ్గేది. అమెరికాలో మాదిరి వనరులు సంస్థల మధ్య సర్దుకుంటే భారత తయారీరంగ ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరిగేదని ఆర్థికవేత్తలు షే, క్లెనో 2009లో లెక్కగట్టడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

2016 దివాలా స్మృతి ఈ ముడిని చాలావరకు విప్పింది. ఆస్తుల విక్రయంలో కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు రుణదాతలతో సమాన స్థానమూ ఇచ్చింది. అయితే మరో జిల్లాలోని కర్మాగారంలో కొత్త పని నేర్చుకోవాల్సిన కార్మికుడు ఆ వ్యవధిలో దేనితో బతకాలన్నది ఆ చట్టం పరిధిలో లేదు.