‘కొత్త భాష్యం’ పిల్లికీ ఎలుకకూ చెల్లుతుందా?

సందేహం: ‘టామ్ అండ్ జెర్రీ’ సినిమా మీద వచ్చిన ఒక సమీక్షలో ‘మనం చిన్నప్పుడు చూసిన కార్టూన్ పాత్రలకు దర్శకుడు సరికొత్త భాష్యం చెప్పాడు’ అని ఉంది. భాష్యం శాస్త్రగ్రంథాలకు కదా? బొమ్మల సినిమాకు వాడవచ్చునా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ఆ వాడుక ఎప్పుడో పాతుకుపోయింది. ఇప్పుడు పీకలేం. మాట బరువు తెలియకుండా వాడుతున్నారే అన్నదే నా బాధ.

భాష్ ధాతువు మీద పుట్టింది భాష్యం. చెప్పదగినది అని అర్థం. శాస్త్రంలో దానికో కట్టుబాటు ఉంది. సూత్రం, అంటే శాస్త్రాన్ని క్లుప్తంగా చెప్పే మూలవాక్యం, అందులోని పదాల వెంటే నడుస్తూ అర్థం చెప్పాలి. చెప్పడానికి తాను వాడిన మాటలకూ తానే వివరణ ఇచ్చుకోవాలి. పాణిని వ్యాకరణ సూత్రాల మీద పతంజలి రాసిన మహాభాష్యం అలాంటిది. వైష్ణవుల ఇళ్లలో ‘భాష్యకారులు’ అంటే రామానుజులే. సూత్రం లేనిదే భాష్యం లేదు. మనవాళ్లు సూత్రాన్ని పక్కకు నెట్టినవాడికి కూడా ఈ బిరుదు కట్టబెడుతున్నారు.

ఇక్కడ మల్లినాథసూరిని తలవకుండా ఉండలేను. మెదక్ దగ్గరి కొలిచెలమవాడు, నేటి కొల్చారం. దేశమంతా ఈనాటికీ ఆయన వ్యాఖ్య చేత పట్టుకునే కాళిదాసును చదువుతుంది. చెడు వ్యాఖ్యల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, తన టీక దాన్ని బతికిస్తుందనీ చెప్పి ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. అంత మాట అన్నవాడు ఆ వెంటనే తనకు తానే పగ్గం వేసుకున్నాడు: ‘నామూలం లిఖ్యతే కించిత్ నానపేక్షితముచ్యతే’. మూలం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ఈ రెండో ప్రతిజ్ఞ మొదటిదానికంటే కష్టం. ఆయన పండితుడు, చెప్పాలంటే ఎంతైనా చెప్పగలడు. కానీ శ్లోకానికి అన్వయం చెప్పి, సమాసం విప్పి, ‘ఇత్యమరః’ (అమరకోశం మాట ఇది) అని నిఘంటువును సాక్ష్యం నిలబెట్టి పక్కకు తప్పుకుంటాడు. మనకు కాళిదాసే కనిపిస్తాడు. నలభై ఏళ్లుగా చదువుతున్నా ఆ నిగ్రహం నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంది.

టామ్, జెర్రీల సూత్రం ఏమిటి? మాట లేకపోవడం. 1940లో అమెరికన్ కార్టూన్ దర్శకులు హన్నా, బార్బెరా పుట్టించిన ఆ జంట నోరు విప్పి మాట్లాడింది బహు అరుదు. పిల్లి తోక బోనులో పడుతుంది. ఒక్క క్షణం ఏమీ జరగదు. తర్వాత ముఖమంతా నోరై, ఆ కేక! చాలా చిత్రాల్లో అది హన్నా సొంత గొంతు. 1992 నాటి పూర్తినిడివి చిత్రంలో ఇద్దరిచేతా మాట్లాడించారు, పాటలు పాడించారు. భాషణం వచ్చింది గాని భాష్యం కాలేదు. మల్లినాథుడు ‘అనపేక్షితం’ అన్నది ఇలాంటిదాన్నే. 2021 చిత్రంలో చుట్టూ నిజం మనుషులు, న్యూయార్క్‌లో పెద్ద హోటల్. అయినా ఆ జంటకు సంభాషణలు పెట్టలేదు. దాన్ని భాష్యం అంటే ఒప్పుకుంటాను.

మరో రకం ఉంది. 1967 నాటి ‘జంగిల్ బుక్’ కార్టూన్‌లో కోతులరాజు లూయీ ఒరాంగుటాన్. మన అడవుల్లో ఒరాంగుటాన్ ఉండదు. 2016 చిత్రంలో లూయీని ఏనాడో అంతరించిన జైగాంటోపిథెకస్ అనే మహావానరంగా మార్చారు. ఇది వార్తికం. చెప్పినదాన్నీ, చెప్పనిదాన్నీ, తప్పుగా చెప్పినదాన్నీ విచారించేది వార్తికమని పెద్దలు లక్షణం చెప్పారు. పాణినికి కాత్యాయనుడు చేసిందదే. సమీక్షల్లో ఆ మాట చెల్లుతుందో లేదో నేను తేల్చను. ‘దిద్దుబాటు’ అన్నా అర్థమవుతుంది.

కథను తెచ్చుకుంటే అనుసరణ. హావభావాలను తెచ్చుకుంటే అనుకరణ. ‘పాత్రను పునర్నిర్వచించాడు’ అని మాత్రం దయచేసి రాయకండి. నిర్వచనం పదానికి చెబుతారు, పిల్లికి చెప్పరు.

మీరు చదివిన సమీక్ష ఏ చిత్రానిదో రాయలేదు. 2021 నాటిదైతే ‘భాష్యం’ ఉండనివ్వండి, ‘సరికొత్త’ కొట్టేయండి. 1992 నాటిదైతే ‘మార్చేశాడు’ అంటే సరిపోయేది.