వేగాస్‌లో డీలర్‌కి టిప్: చేతికివ్వకండి, టేబుల్ మీద పెట్టండి

లాంగ్ వీకెండ్‌కి మొదటిసారి వేగాస్ బయల్దేరేవాళ్లు హోటల్, విమానం టికెట్ల తర్వాత అడిగే ప్రశ్న ఇదే: బ్లాక్‌జాక్ అనే పేకాట టేబుల్ దగ్గర ముక్కలు పంచే డీలర్‌కి టిప్ ఇవ్వాలా? ఇస్తే ఎంత, ఎలా?

ఇచ్చి తీరాలన్న చట్టమేమీ లేదు. కానీ డీలర్ల మూల జీతం చాలా కాసినోల్లో కనీస వేతనానికి అటూ ఇటూగానే ఉంటుంది. నెవాడాలో ఆ కనీస వేతనం 2024 జులై నుంచి గంటకి 12 డాలర్లు. ఇల్లు గడిచేది టిప్పుల మీదే. అందుకే కాసినో ఖర్చు లెక్కేసుకునేటప్పుడు ఆట డబ్బుతో పాటు టిప్ డబ్బు కూడా ముందే విడిగా తీసిపెట్టుకోండి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు నోటునో చిప్‌నో (కాసినోలో డబ్బు బదులు వాడే బిళ్ల) డీలర్ చేతికి అందించబోవడం. వాళ్లు తీసుకోరు, తీసుకోకూడదు. పైన కెమెరాలు వాళ్ల చేతుల్ని క్షణం వదలవు. చిప్ టేబుల్ మీద పెట్టి, డీలర్ వైపు కొంచెం జరిపి, ఇది మీకు అని చెప్తే చాలు. డీలర్ ఆ చిప్ తీసి ట్రే అంచుకి టక్కుమని తట్టి టిప్పుల డబ్బాలో వేస్తారు. ఆ చప్పుడు సూపర్‌వైజర్ కోసం: కాసినో సొమ్ము కాదు, టిప్ వేస్తున్నానని. డ్యూటీ మారేటప్పుడు రెండు చేతులూ చరిచి, అరచేతులు తిప్పి చూపించి వెళ్లేదీ ఏమీ దాచుకోలేదని తెలియడానికే. చిప్స్ కొనుక్కునేటప్పుడూ ఇదే పద్ధతి, నోట్లు టేబుల్ మీద పరవాలి.

నేరుగా ఇవ్వడం కాకుండా డీలర్ పేరు మీద పందెం కూడా కాయొచ్చు. ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియక చాలామంది తికమక పడతారు. టేబుల్ మీద మీ పందెం పెట్టే వలయానికి ముందు, గీత బయట 5 డాలర్ల చిప్ పెడితే అది డీలర్‌ది. గెలిస్తే అసలూ గెలుపూ కలిపి 10 డాలర్లు డబ్బాలో పడతాయి. అదే 5 డాలర్ల చిప్‌ని మీ పందెం మీదే పేర్చి, పైది మీకు అని చెప్తే, గెలిచిన 5 మాత్రమే డీలర్‌కి వెళ్తుంది. అసలు చిప్ మీ చేతిలోనే ఉంటుంది, తర్వాతి ఆటకీ అలాగే వదిలేయొచ్చు. దీన్ని ఒప్పుకోని కాసినోలు కూడా ఉన్నాయి, కాబట్టి ముందే అడగండి. ఏ రకమైనా ముక్కలు పంచకముందే పెట్టాలి. పంచాక పందెం వలయంలో చెయ్యి పెడితే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, గెలుపు చూసి పందెం పెంచే మోసం లాగే కనిపిస్తుంది. ఓడితే డీలర్‌కి దక్కేది సున్నా. కచ్చితంగా అందాలనుకుంటే నేరుగా ఇవ్వడమే మేలు.

ఎంత? కనీస పందెం 15 డాలర్లున్న టేబుల్ మీద గంటకి 5 నుంచి 10 డాలర్లు మర్యాదైన మొత్తం. మంచి గెలుపు వస్తే ఇంకొంచెం. వరసగా పోగొట్టుకుంటుంటే మానేయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఓడించారని మాత్రం డీలర్ మీద విసుక్కోకండి, ఏ ముక్క వస్తుందో వాళ్ల చేతిలో లేదు. చాలా కాసినోల్లో ఒక రోజు టిప్పులన్నీ కలిపి, పనిచేసిన గంటల ప్రకారం డీలర్లంతా పంచుకుంటారు. పోకర్ డీలర్లు మాత్రం ఎక్కువచోట్ల ఎవరిది వాళ్లే ఉంచుకుంటారు. అక్కడ పాట్ (ఒక ఆటలో అందరూ కాసి మధ్యలో పోగైన డబ్బు) గెలిచినప్పుడల్లా ఒక డాలర్ ఆనవాయితీ. టోర్నమెంట్ చిప్స్ టిప్‌గా పనికిరావు, వాటికి నగదు విలువ లేదు.

రూలెట్‌లో (తిరిగే చక్రంలో బంతి వేసే ఆట) ఇచ్చే రంగు చిప్స్‌కి ఆ టేబుల్ దాటితే విలువ ఉండదు. డ్రింక్ తెచ్చినావిడ ట్రేలో వాటిని వేస్తే ఏమీ ఇవ్వనట్టే. లేచేముందు మామూలు చిప్స్‌గా మార్పించుకోండి. ఆడుతున్నంతసేపూ డ్రింక్స్ ఉచితమే అయినా, ఒక్కోదానికి డాలరో రెండో పెట్టాలి. స్లాట్ మెషీన్ (మీట నొక్కి ఆడే జూదం మెషీన్) డబ్బుకి బదులు ఇచ్చేది కాగితం టికెట్, దాంతో టిప్ ఇవ్వలేరు. అందుకే జేబులో ఇరవై దాకా ఒక డాలర్ నోట్లు ఉండాలి.

స్లాట్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే మెషీన్ ఆగిపోతుంది, అటెండెంట్ పన్ను ఫారంతో, నగదుతో వస్తారు. మెషీన్ అలా ఆగే గెలుపు హద్దు 2025 వరకు 1,200 డాలర్లు, 2026 నుంచి 2,000. అన్నీ వంద నోట్లే తెస్తే టిప్ దగ్గర ఇబ్బంది, ఒక వందకి ఇరవైలు కావాలని ముందే చెప్పండి. ఆ స్థాయి గెలుపుకి 20 డాలర్లు చాలు.

కోటు వేసుకుని టేబుళ్ల వెనక తిరిగే పిట్ బాస్‌కి (డీలర్లని పర్యవేక్షించేవారు) టిప్ ఇవ్వరు, మాట సాయానికి థాంక్స్ చెప్తే సరిపోతుంది. కారు తెచ్చిచ్చిన వ్యాలెట్‌కి 3 నుంచి 5 డాలర్లు. గది శుభ్రం చేసేవాళ్లకి రోజుకి 3 నుంచి 5, అదీ చివరి రోజు మొత్తంగా కాకుండా ఏ రోజుది ఆ రోజు పొద్దున్నే బల్ల మీద పెట్టండి. రోజూ ఒకే మనిషి రారు కదా.

ఇదంతా అమెరికా సంగతి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్, సిడ్నీ కాసినోల డీలర్లు టిప్ తీసుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. అక్కడ చిప్ ముందుకు జరిపితే అలాగే వెనక్కి జరుపుతారు, చిన్నబుచ్చుకోకండి.