అమ్మాయి ఏఐ కోర్సు మానేసి కెర్నల్ ప్యాచ్‌లు రాస్తోంది: ఇది ఉద్యోగానికి దారేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఏఐ-ఎంఎల్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పిస్తే మధ్యలోనే మానేసింది. లైనక్స్ కెర్నల్‌లో నెస్టెడ్ వర్చువలైజేషన్‌కు సంబంధించి ప్రాసెసర్ రిజిస్టర్ల లోపమేదో సరిచేస్తున్నానంటూ నెలల తరబడి దానిమీదే కూర్చుంది. పంపిన ప్యాచ్ ఇప్పటికి మూడుసార్లు వెనక్కి వచ్చింది. మార్పు చూస్తే పట్టుమని పది లైన్లు లేదు. వాళ్ల పెదనాన్న కొడుకు అదే ఏఐ కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరాడు. రెండు దారులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, మీ ఉత్తరమంతా చదివితే కనిపించేది వేరే దిగులు. అమ్మాయి చేస్తున్న పని ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, బంధువులు అడిగితే చెప్పడానికి దానికో పేరు లేదు, ఈలోగా ప్లేస్‌మెంట్ల సమయం దగ్గరపడుతోంది. కనుక ముందుగా ఆమె ఏం చేస్తోందో చెబుతాను. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం కెర్నల్; దాని కోడ్‌కు పంపే సవరణే ప్యాచ్.

ఒకే సర్వర్‌లో అనేక వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను, నడిపించే కేవీఎం అనే భాగం 2007లో 2.6.20 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చింది. అద్దెకున్నవాడు తన వాటాలోని గదిని మరొకరికి అద్దెకిచ్చినట్లు, వర్చువల్ మెషీన్ లోపల మళ్లీ ఇంకో వర్చువల్ మెషీన్‌ను నడపడమే నెస్టెడ్ వర్చువలైజేషన్. అసలు హార్డ్‌వేర్‌పై నడిచేదాన్ని ఎల్‌0 అని, దాని కింద నడిచే వర్చువల్ మెషీన్‌ను, అంటే గెస్ట్‌ను, ఎల్‌1 అని, ఆ లోపలి గెస్ట్‌ను ఎల్‌2 అని పిలుస్తారు. ఇంటెల్ ప్రాసెసర్‌కు మాత్రం తెలిసింది ఒక హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్), దాని కింద ఒక గెస్ట్ మాత్రమే. ఎల్‌1 తానే అసలు యజమానినని నమ్మేలా చూసే భారమంతా ఎల్‌0 మీద పడుతుంది.

ప్రాసెసర్ ఎలా నడవాలో నిర్ణయించే బిట్లుండే సీఆర్‌0 అనే కంట్రోల్ రిజిస్టర్‌నే తీసుకోండి. ఎల్‌2 ఆగి ఎల్‌1 మళ్లీ నడవబోయే క్షణంలో, ఎల్‌2 సీఆర్‌0 విలువ ఎంతో ఎల్‌0 లెక్కగట్టి ఎల్‌1కు అప్పగించాలి. ఎల్‌2కు స్వేచ్ఛగా వదిలిన బిట్లను హార్డ్‌వేర్ దాచిన విలువ నుంచి, ఎల్‌1 తన అధీనంలో ఉంచుకున్న బిట్లను ఎల్‌1 స్వయంగా రాసిపెట్టిన విలువ నుంచి, ఎల్‌1 వదిలేసినా ఎల్‌0 తన అవసరం కోసం పట్టుకున్న బిట్లను రీడ్ షాడో (ఎల్‌2 చదివినప్పుడు దానికి చూపించే విలువ) నుంచి తెచ్చి, మూడింటినీ ఒకే విలువగా కూర్చాలి. ఒక్క బిట్ తప్పుడు చోటు నుంచి వచ్చిందంటే, తర్వాతిసారి ఎల్‌2ను మొదలుపెట్టడానికి ప్రాసెసరే నిరాకరించవచ్చు, లేదా ఎంతోసేపటికి ఎక్కడో సంబంధం లేని చోట మెషీన్ కూలిపోవచ్చు. అలాంటి లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి నెలలు పట్టి, సరిచేయడానికి పది లైన్లు సరిపోవడం ఈ రంగంలో మామూలే.

ఇందులో భద్రత సంగతి కూడా ఉంది. 2021లో సాఫ్ట్‌వేర్ భద్రతా లోపాలను వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం కేవీఎంలో ఏఎండీ ప్రాసెసర్లకు సంబంధించిన నెస్టెడ్ కోడ్‌లో ఒక లోపాన్ని బయటపెట్టింది. గెస్ట్ మెమరీలోని సమాచారాన్ని తనిఖీకి ఒకసారి, వాడకానికి మరోసారి చదవడం వల్ల, ఆ రెండింటి మధ్య గెస్ట్ దాన్ని మార్చేసి హోస్ట్ (అసలు సర్వర్) ప్రాసెసర్‌లో కీలక అమరికలుండే ఎంఎస్‌ఆర్ రిజిస్టర్లను చేజిక్కించుకోగలిగేది. క్లౌడ్‌లో ఒకే సర్వర్‌ను పరాయివాళ్లంతా పంచుకుంటారు కనుక ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక "మూడుసార్లు వెనక్కి వచ్చింది" అన్న మీ మాట. అది తిరస్కరణ అని మీకెవరు చెప్పారు? ఆ జవాబులు ఒక్కసారైనా అమ్మాయి చేత చదివించుకుని విన్నారా? కెర్నల్‌లో కొత్తవారి ప్యాచ్ రెండో రూపం, మూడో రూపం, నాలుగో రూపం దాకా వెళ్లడం సర్వసాధారణం. వివరణ సరిగా లేదనో, పరీక్ష జతచేయమనో అనుభవజ్ఞులు తమ సమయం వెచ్చించి రాస్తున్నారంటే పనిలో పస ఉందని వారు భావించినట్లే. పెదనాన్న కొడుకు పేరు రోజూ ఎత్తడం మానండి. ఆ అబ్బాయి ఉద్యోగం మంచిదే కావచ్చు, కానీ అది మీ అమ్మాయి అభిరుచికి కొలబద్ద కాదు.

ఏఐ రంగం మీద నాకు అనుమానం లేదు. ఆ పేరు పెట్టి అమ్ముతున్న ఆరు నెలల సర్టిఫికెట్ల మీదే నా అనుమానమంతా. చేతిరాత అంకెలను గుర్తించడం, ఇళ్ల ధరలను అంచనా వేయడం వంటి రెండు మూడు ప్రాజెక్టులే రెజ్యూమె తర్వాత రెజ్యూమెలో కనిపిస్తాయి. మోడల్ ఎందుకు తప్పు చెప్పిందని ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న లోతుగా అడిగితే, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత రాని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. లైబ్రరీ ఫంక్షన్‌ను పిలవడం నేర్పి డేటా సైంటిస్టును చేస్తామనే ప్రకటనలను తల్లిదండ్రులు అప్పుచేసి మరీ నమ్మడం చూస్తుంటే, కష్టపడి సంపాదించిన డబ్బు గురించి అంత నిర్లక్ష్యమేమిటా అనిపిస్తుంది. గణితం మీద నిజమైన ఇష్టం ఉన్నవారు ఏఐలోకి తప్పక వెళ్లాలి. మీ అమ్మాయి మధ్యలో మానేసిందంటే, ఆ కోర్సులో తనకు దొరికేదేమిటో తేల్చుకుందనే నేను అనుకుంటాను.

అయితే కెర్నల్ దారి కూడా విశాలమైనదేమీ కాదు. ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్, ఎన్విడియా వంటి చిప్ సంస్థల్లో, రెడ్ హ్యాట్ వంటి లైనక్స్ సంస్థల్లో, పెద్ద క్లౌడ్ సంస్థల్లో ఈ పనులుంటాయి. ఆ సంస్థలకు హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో కార్యాలయాలున్నా, కొత్తవారికి ఇచ్చే స్థానాలు తక్కువ. ప్రకటనలో "నెస్టెడ్ వర్చువలైజేషన్" అనే మాట కనబడడమూ అరుదే. డివైస్ డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, ప్లాట్‌ఫాం వాలిడేషన్, క్లౌడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సెక్యూరిటీ అనే పేర్లతో వెతకాలి. సీ భాష, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, వేల పేజీల ఇంటెల్ మాన్యువల్‌ను ఓపికగా చదివే అలవాటు వీటన్నిటికీ పనికొస్తాయి. పేరున్న వ్యక్తులు బహిరంగంగా సమీక్షించి ఆమోదించిన ఒక్క ప్యాచ్ ఉన్నా, ఆ ఇంటర్వ్యూల్లో మాట్లాడడానికి గట్టి ఆధారమవుతుంది.

క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీసు కంపెనీలు మాత్రం ఇవేవీ అడగవు. అందుకని డేటా స్ట్రక్చర్లు, ఆప్టిట్యూడ్ సాధనను రోజూ కొంతసేపు కొనసాగించమని, ఏ డ్రైవ్‌నూ వదలవద్దని అమ్మాయికి చెప్పండి. దాన్ని ఆమె చులకనగా చూస్తుంటే తప్పు ఆమెదే. ప్యాచ్‌తోపాటు, కెర్నల్‌లోనే ఉండే కేవీఎం సెల్ఫ్‌టెస్టులనే పరీక్షల్లో ఆ లోపాన్ని బయటపెట్టే చిన్న పరీక్ష కూడా రాస్తే మంచిది. లైనక్స్ ఫౌండేషన్ నడిపే ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. గేట్ రాసి సిస్టమ్స్ వైపు ఎం.టెక్. చేయడమూ ఈమెకు సరిపోయే దారే.

కోర్సుకు కట్టాల్సిన వాయిదా ఇంకా మిగిలి ఉంటే కట్టకముందే ఒప్పందం చదివి, రద్దు చేసుకునే వీలుందేమో అడగండి. సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే, నాలుగో రూపం పంపడం కాస్త ఆలస్యమవుతుందని సమీక్షకులకు ఒక్క వాక్యం రాసిపెట్టమనండి. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తూనే ఉంటుంది కనుక, ఈసారి అందకపోతే వచ్చేసారికి పంపవచ్చు.