కరిగిపోయే ఎలక్ట్రానిక్స్ చదవాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె, రొయ్యల సాగు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పనైపోయాక ఒంట్లోనే కరిగిపోయే పేస్‌మేకర్ గురించి చదివి, అలాంటివి తయారుచేసే చదువే చదువుతానంటోంది. బంధువులేమో కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి చదివింది నిజమేనండీ. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2021లో అలాంటి పేస్‌మేకర్‌ను జంతువుల మీద పరీక్షించి చూపించారు. గుండె ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లే అవసరమయ్యే రోగుల కోసం ఆలోచించిన పరికరం అది. బ్యాటరీ ఉండదు, బయటికి తీసే పనీ ఉండదు.

ఇలాంటి పరికరాల్లో రాగికి బదులు మెగ్నీషియం, మాలిబ్డినం వంటి లోహాలు వాడతారు. సిలికాన్ కూడా బాగా పలచని పొరగా ఉంటే శరీర ద్రవాల్లో నెమ్మదిగా కరుగుతుంది. చిక్కంతా ఎప్పుడు కరగాలి అన్నదగ్గరే. తడి తగిలితే మెగ్నీషియం తొందరగా పోతుంది. కాబట్టి పైపూత దేనితో వేయాలి, ఎంత మందం ఉండాలి అన్నదే అసలు పరిశోధన. అందుకే దీనికి కోడింగ్ కన్నా కెమిస్ట్రీ, మెటీరియల్స్ (పదార్థాల శాస్త్రం) ముఖ్యం.

కరిగిపోయే ఎలక్ట్రానిక్స్ అనే పేరుతో బీటెక్ బ్రాంచి కోసం వెతకకండి. జేఈఈ ర్యాంకు బాగా వస్తే ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, తాడేపల్లిగూడెం నిట్‌లలో మెటీరియల్స్, మెటలర్జీ బ్రాంచీలు ఉన్నాయి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయితే ల్యాబులు బాగున్న కాలేజీలో కెమికల్ లేదా ఈసీఈ చాలు. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లడం కూడా మంచి దారే. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

బీటెక్ అవగానే ఈ రంగంలో ఉద్యోగం వస్తుందని మాత్రం అనుకోవద్దు. పీహెచ్‌డీ దాకా చదవాలి. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. అన్నేళ్లు ఓపిక పట్టడానికి ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి.

మీరు రొయ్యల రైతు కాబట్టి ఇంకో మాట. ప్లాంట్లలో వలిచి పారేసే రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. మట్టిలో కలిసిపోయే సర్క్యూట్లకు అడుగున వేసే పొరగా కైటోసాన్‌ను పరిశోధకులు పరీక్షిస్తున్నారు. పెంకుల నుంచి తీయడానికి ఘాటైన యాసిడ్, కాస్టిక్ సోడా కావాలి, ఆ పని ఇంట్లో వద్దు. ఇంటర్ పరీక్షలయ్యాక కైటోసాన్ పొడి కొనిచ్చి, లెక్చరర్ దగ్గరుండగా కాలేజీ ల్యాబులో పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, పళ్లెంలో పోసి ఆరబెట్టమనండి. పలచని పొర వస్తుంది. దాన్ని ముక్కలు చేసి మట్టిలో పాతి, వారం వారం తూకం ఎంత తగ్గిందో రాసుకోమనండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేలోపు, ఈ పని మీద తనకెంత ఇష్టం ఉందో తనకే తెలుస్తుంది.