కాలనీ పార్కు బాగుచెయ్యడానికి అందరి మాటా ఎలా రాబట్టాలి?

అమలాపురంలో మీ కాలనీ పార్కు బాగుచేద్దామనుకుంటున్నారు. దాత ఒకరు ముందుకొచ్చారు, మునిసిపాలిటీ కూడా సరేనంది. జనాన్నే అడుగుదామని ఆదివారం పొద్దున్న మీటింగ్ పెడితే ఎప్పుడూ వచ్చే పెద్దలే వచ్చారు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే ఓపెన్ జిమ్, వాకింగ్ ట్రాక్, సెల్ఫీ పాయింట్ అన్న మూడు మాటలే తిరిగాయి. మిగిలినవాళ్ళ మాట ఎలా రాబట్టాలన్నది మీ ప్రశ్న. మాది గోదావరి పశ్చిమ డెల్టాలో ఓ పట్టణం అండి. మా కాలనీ పార్కుకి ఈ పని చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి, మాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు "పార్కులో మీకేం కావాలి?" అన్న ప్రశ్న మానెయ్యండి. ఆ ప్రశ్నకి ఎవరైనా ఇంకో ఊళ్ళో చూసిందే చెబుతారు. హైదరాబాదులో కొడుకు ఇంటి దగ్గర చూసిన జిమ్, విశాఖ బీచ్ రోడ్డులో చూసిన లైట్లు. దానికి బదులు "ఈ వారంలో పార్కుకి ఎప్పుడొచ్చారు, ఎంతసేపున్నారు, ఎందుకు లేచి వెళ్ళిపోయారు? రాకపోతే ఎందుకు రాలేదు?" అని అడగండి. మా దగ్గర వాకింగ్ ట్రాక్ కావాలని పోల్‌లో ఓటేసిన ఒక పిన్నిగారిని ఇలాగే అడిగాం. "ట్రాక్ లేక కాదు బాబూ, సాయంత్రం ఆరు దాటితే వెనక గోడ వైపు చీకటి. అక్కడ కుర్రాళ్ళు బండ్లేసుకుని కూర్చుంటారు. అందుకే గేటు దగ్గరే రెండు చుట్లు తిరిగి ఇంటికెళ్ళిపోతాను" అన్నారు. ఆవిడకి కావలసింది రెండు లైట్లు. లక్షలు పోసి ట్రాక్ వేసినా, ఆ లైట్లు లేకపోతే ఆవిడ నడిచేది ఆ గేటు దగ్గరే.

జనాన్ని మీటింగుకి పిలవడం కాదండి, వాళ్ళు ఉన్న వేళకి మనం వెళ్ళాలి. డెల్టాలో పార్కు వాడకం అంతా ఎండని బట్టి, ఉక్కని బట్టి నడుస్తుంది. తెల్లారుజామున ఐదు నుంచి ఏడు దాకా బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ళు నడుస్తారు. అదే వేళకి మా గేటు బయట రొయ్యల ప్లాంటు బస్సు కోసం ఆడవాళ్ళు నిలబడతారు. వాళ్ళు లోపలికి రారు, అసోసియేషన్ గ్రూపులో వాళ్ళ నంబర్లు ఉండవు. కానీ రోజూ పావుగంట ఆ గోడనానుకుని నిలబడేది వాళ్ళే. అడిగితే చెప్పిందొక్కటే: కూర్చోవడానికి ఓ చప్టా, వాన పడితే తలదాచుకోవడానికి ఓ రేకు. మధ్యాహ్నం ఆటోవాళ్ళు చెట్టుకింద కునుకు తీస్తారు. నాలుగున్నరకి బడి వదిలాక పిల్లలు. చీకటిపడ్డాక వంటలు ముగించుకుని వచ్చే ఆడవాళ్ళు. ఒక్కో వేళకి ఒకరు చొప్పున నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్నాం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబాలు, పార్కు ఊడ్చే ఆమె... వీళ్ళని విడిగా, వాళ్ళ యజమానులు పక్కన లేకుండా అడగండి. యజమాని ఎదురుగా ఉంటే "అంతా బాగానే ఉందండి" తప్ప ఇంకో మాట రాదు.

మీటింగు ఎక్కడ పెడతారన్నది కూడా చూసుకోండి. మన ఊళ్ళ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకరి అరుగు మీద పెడితే ఆ వైపువాళ్ళే వస్తారు, గుళ్ళో పెడితే కొందరు గుమ్మం బయటే ఆగిపోతారు. పార్కులోనే, నేలమీదే పెట్టండి. కుర్చీలు వేస్తే ముందు వరస ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది.

ఆడవాళ్ళ మాట బయటికి రావడానికి మాకు బాగా కలిసొచ్చింది ముగ్గు. కాగితం మీద గీసిన ప్లాను చూపిస్తే చాలామంది మర్యాదకి తలూపి ఊరుకున్నారు. అలా కాదని, ఓ సాయంత్రం పార్కులోనే శుభ్రమైన జాగా చూసి కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో పార్కు ఆకారం గీశాం. గేటు, గోడలు, బోరు, ఉన్న చెట్లు. చెట్టున్నచోట కొమ్మ, చెత్త పోసేచోట ఇటుకముక్క, భయమేసేచోట బొగ్గు, కూర్చోవాలనిపించేచోట పువ్వు పెట్టమన్నాం. మొదట ఇద్దరు ముగ్గురు పిల్లలు మొదలెట్టారు. తరవాత "అది అక్కడ కాదే, ఇక్కడ" అంటూ పెద్దవాళ్ళు వంగారు. మీటింగులో నోరు విప్పని ఒక కోడలుపిల్ల అత్తగారు పెట్టిన పువ్వుని తీసి ఇంకోచోట పెట్టింది, ఎందుకో చెప్పింది కూడా. ఇది మేము కనిపెట్టింది కాదులెండి. 1990లలో వాటర్‌షెడ్ పథకాలప్పుడు పల్లెల్లో రైతులతో ఇలాగే నేలమీద ఊరి పటాలు వేయించేవారు. ఊరి సంగతి ఊరివాళ్ళే అంచనా వేసి చెప్పే ఆ పద్ధతిని పీఆర్‌ఏ అనేవారు. మా దగ్గర రోజూ ముగ్గు వేసే చేతులకి అలవాటైన పని కాబట్టి ఇంకా తేలిగ్గా సాగింది. చెరిపేసేలోపు పైనుంచి ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నా మటుకు డెల్టాలో ఏ పార్కుకైనా మొదటి ప్రశ్న ఇదే, ఎవరూ పోల్‌లో పెట్టని ప్రశ్న కూడా ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన నేలంతా పంటకాలువలు, వాటినుంచి చేలకి నీళ్ళు తెచ్చే చిన్న బోదెలు, మురుగు కోడులతో అల్లుకుపోయింది. ఇవాళ మన కాలనీలు చాలావరకు నిన్నటి వరిచేలే. బోదె పూడ్చేసి పైన ప్లాట్లు వేశారు గానీ, నీళ్ళకి ఆ దారి గుర్తే. ఈ నేల చదును. అడుగు తేడా కూడా అక్కర్లేదు, రెండు మూడంగుళాలు చాలు, వారం రోజులు నీళ్ళు నిలవడానికి. నల్లమట్టి కాబట్టి ఇంకదు.

మా పార్కులో ఈశాన్యం మూల ఎప్పుడూ బురదే. అక్కడే పిల్లల ఆట సామాను పెట్టాలని ప్లాను. ఎప్పుడో ఆ చేలల్లో పాలేరుగా చేసిన ఓ పెద్దాయన రోజూ వచ్చి గట్టుమీద కూర్చునేవాడు. ఆయన్ని అడిగితే చేతికర్రతో గీత గీసి చూపించాడు: "బోదె ఇటునుంచి వచ్చేది బాబూ, ఇదిగో ఇక్కడ మళ్ళి కోడులో దిగేది. నాట్లు వేసేటప్పుడు ఈ మూల మోకాలిలోతు." మర్నాటి వానకి వెళ్ళి చూస్తే నీళ్ళు సరిగ్గా ఆయన గీసిన గీత మీదే నిలబడ్డాయి. ఆట సామాను ఇంకో పక్కకి మార్చాం. ఆ మూలని మెరక చెయ్యకుండా, చుట్టూ నీళ్ళు తట్టుకునే చెట్లు వేసి, కోడులోకి చిన్న తూము పెట్టమని రాశాం. నిజానికి మొదట కొందరు బొండు ఇసుక తోలించి పార్కు మొత్తం మెరక చేద్దామన్నారు. అలా చేసుంటే ఆ నీళ్ళు పక్క వీధి ఇళ్ళల్లోకి వెళ్ళేవి. ఆ వీధివాళ్ళు మా అసోసియేషన్‌లో లేరు, అడిగే దిక్కు కూడా లేదు. కాబట్టి పార్కు గోడకి అవతల ఉన్నవాళ్ళని కూడా మీ లెక్కలో వేసుకోండి. పెద్ద వాన పడిన మర్నాడు అందరూ కలిసి పార్కు చుట్టూ తిరిగి, నీళ్ళు నిలిచినచోటల్లా కర్రలు పాతండి. ఏ సర్వేకీ అంత స్పష్టమైన జవాబు రాదు.

వానతోపాటు వేసవిలోనూ అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. మా వైపు బోరు నీళ్ళు ఉప్ప. లాన్ కావాలన్నవాళ్ళందరినీ "మే నెలలో దానికి నీళ్ళు ఎవరు పెడతారు, ఎక్కడివి పెడతారు?" అని అడిగాం. గొడవ లేకుండా లాన్ మాట తగ్గిపోయింది. చెట్ల విషయంలో అయితే మీ కోనసీమవాళ్ళకి నేను చెప్పాల్సిందేమీ లేదు. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళు మీ కాలనీలో ఇంకా ఉంటారు. ఏ చెట్లు కూలాయో, ఏవి నిలబడ్డాయో వాళ్ళని అడిగి రాసుకోండి, అదే మీ మొక్కల జాబితా. మా పెద్దవాళ్ళు తురాయి, పచ్చతురాయి వద్దన్నారు, గాలికి కొమ్మలు విరిగిపడతాయని. కొబ్బరి పిల్లలాడేచోట వద్దన్నారు. కానుగ, పొగడ, నేరేడు, వేప రాయించారు. ఆడవాళ్ళు పట్టుబట్టి చేర్పించింది ఉసిరి. కార్తీకంలో వనభోజనాలకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు కదా అని. ఏ డిజైనరూ ఆ మాట చెప్పడు. నర్సరీలుండే కడియం దగ్గరే కాబట్టి మొక్కలు దొరకడం మీకు కష్టం కాదు.

పిల్లలని కూర్చోబెట్టి అడిగితే స్విమ్మింగ్ పూల్ అంటారు. వాళ్ళతో ఆడుతూ తిరిగితే అసలు సంగతులు తెలుస్తాయి. జారుడుబల్ల పడమటి ఎండకి కాలిపోతోంది, అందుకని ఆరు దాకా ఎవరూ ఎక్కరు. ఉయ్యాలలు రెండూ పెద్ద మగపిల్లలవే. పదేళ్ళు దాటిన ఆడపిల్లలకి అక్కడ ఆడుకోవడానికంటూ ఏమీ లేదు, అందుకే వాళ్ళు గోడమీద కూర్చుంటారు. ఈ చివరి మాట మాకు ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పింది. ఉన్న జాగాలోనే బ్యాడ్మింటన్ కోర్టు గీయించి, సాయంత్రం ఆరున్నర దాకా అది ఆడపిల్లలదని రాయించాం. దానికైన ఖర్చు సున్నం, రెండు కర్రలు, ఓ నెట్టు.

మా కుర్రాళ్ళని కూడా తక్కువ చెయ్యలేం. పార్కంతా టైల్స్ వేద్దామంటే, "వినాయకచవితికి రాటలు పాతాలి కదా, ఏటా టైల్స్ పగలగొడతారా?" అన్నాడు ఒకడు. పందిరి వేసే జాగాని మట్టిగానే ఉంచి, రాటలు దిగడానికి నాలుగు వైపులా సిమెంటులో గొట్టాలు పాతించమన్నాడు. అలాగే చేశాం.

కొన్ని కోరికలకి కాదనాల్సి వస్తుంది. ఓ కల్యాణ మండపం కట్టండి, చిన్న గుడి కట్టండి, ఫలానావారి విగ్రహం పెట్టండి అని తప్పకుండా వస్తాయి. దాత పేరుతో ఆర్చి అన్నది సరేసరి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. లేఅవుట్లలో పదిశాతం ఖాళీ స్థలం అందరికోసమని వదిలి స్థానిక సంస్థకి అప్పగించాలన్నది నిబంధన. పార్కుగా చూపించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఇస్తేనే 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెల్లదంది. అది జనానికి పనికొచ్చే ఆసుపత్రే అయినా సరే. అందుకని ముందుగా మునిసిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగంలో మీ లేఅవుట్ ప్లాను కాపీ తీసుకోండి. మాటల మధ్య అది తీసి ముందుపెడితే, కాదన్నది మీరు కాదు, ఆ కాగితం. ఊళ్ళో మొహమొహాలు చూసుకుని బతకాలి కదండి, ఇది చాలా అవసరం. దాతగారికి కూడా మర్యాదగా ముందే చెప్పండి: ఆయన మాట కూడా అందరి మాటతోపాటే రాసుకుంటామని. సంక్రాంతికి బయటి ఊళ్ళనుంచి వచ్చే మనవాళ్ళకీ అదే చెప్పండి. వాళ్ళు మూడురోజులుంటారు, ఆలోచనలు మాత్రం చాలా ఇస్తారు.

పోగైన మాటలన్నిటినీ ఏం చెయ్యాలన్నది అడగడం కన్నా ముఖ్యం. మేము ప్రతి మాటనీ చెప్పినవాళ్ళ పేరు లేకుండా, వాళ్ళ మాటల్లోనే, గేటు పక్కన బోర్డు మీద రాసి పెట్టాం. పక్కనే ఇది మనమే చేసుకోవచ్చు, ఇది వార్డు సచివాలయానికి ఇవ్వాలి, ఇది మునిసిపల్ బడ్జెట్‌లో రావాలి, ఇది కుదరదు అని గుర్తు. కుదరనిదానికి కారణం రెండు ముక్కల్లో. ఇది చదవడానికే జనం గేటు దగ్గర ఆగేవారు. "నా మాట పడిందా" అని చూసుకునేవారు, పడనివాళ్ళు వచ్చి చెప్పేవారు. మొదటి నోటు పుస్తకంలో రానివి సగం ఆ బోర్డు దగ్గరే వచ్చాయి. చదవలేనివాళ్ళ కోసం సాయంత్రాలు ఎవరో ఒకరు చదివి వినిపించేవారు.

2019 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి కాబట్టి లైట్లకీ, కాలువ పూడికకీ అక్కడి ఎమినిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీలని కలవండి. అర్జీతోపాటు ముగ్గు ఫోటో, వానలో పాతిన కర్రల ఫోటో జతచేసి, రసీదు తీసుకోండి. పెద్ద పనులకి మునిసిపల్ బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి లెక్క, అంచనాలు అంతకుముందే తయారవుతాయి. సంక్రాంతిలోపు మీ కాగితం కమిషనరుగారి దగ్గరుండేలా చూసుకోండి. మీ కౌన్సిలర్‌ని మొదటినుంచీ కలుపుకోండి, చివర్లో సంతకానికి పిలిస్తే బాగోదు.

ఒక్క ప్రశ్న మాత్రం మీ జాబితాలో తప్పక చేర్చండి: గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి వేస్తారు? మా దగ్గర దీనిమీదే అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడారు. తెల్లారుజామున నాలుగున్నరకి తియ్యాలని కొందరు, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంచాలని ఆడవాళ్ళు, మధ్యాహ్నం ముయ్యకూడదని ఆటోవాళ్ళు. ఇప్పుడు తాళాలు మూడు ఇళ్ళల్లో ఉన్నాయి, అందులో ఒకటి పార్కు ఊడ్చే ఆమె ఇంట్లో. ఏ వేళకి ఎవరు తీస్తారో బోర్డు మీద రాసి ఉంటుంది. ఈ వానాకాలం పోకముందే మీరు కర్రలు పాతే పని మొదలెట్టండి. లేఅవుట్ కాపీ దొరికాక కొలతలు చెప్పండి, ముగ్గు ప్లాను ఎన్ని అడుగులకి ఎంత చొప్పున గీస్తే సరిపోతుందో లెక్కకట్టి చెబుతాను.